పెట్టెలోది

యార్డు వైపు గాలి తిరిగిందంటే
మా బడిలో పాఠం తుమ్ములతో మొదలవుతుంది.
గుంటూరులో మార్చి అంటే అంతే,
కిటికీ రెక్కలు మూసినా ఆగదు కొత్త కాయ ఘాటు.
ఏడో తరగతి బీ సెక్షను, నలభై ఒక్క మంది,
కళ్ళు తుడుచుకుంటూ పల్నాటి యుద్ధం.

పాఠంలో రాజులకు పేరాలున్నాయి.
గెడ్డం మంత్రికి అరపేజీ బొమ్మ ఉంది.
నాగమ్మకు మాత్రం పేజీ అడుగున
నీలం గీతల పెట్టె, లోపల నాలుగు వాక్యాలు,
పైన 'మీకు తెలుసా?' అని ఓ ప్రశ్న,
తెలియకపోయినా ఫరవాలేదన్నట్టు.

"పెట్టెలోది పరీక్షలో వచ్చుద్దా టీచర్?"
మస్తాన్‌బీ పెన్ను మూత తీయకుండానే అడిగింది.
పదహారేళ్ళుగా చెబుతున్న జవాబే నోటిదాకా వచ్చింది:
రాదు, ఒకసారి చూసుకోండి చాలు.
నా ఏడో తరగతిలోనూ ఇలాంటి పెట్టె ఒకటుండేది.
అందులో రుద్రమ గుర్రం మీద కూర్చుని ఉండేది,
దిగడానికి చోటు లేక.

"వచ్చుద్ది. ఐదు మార్కులు" అన్నాను.
నలభై ఒక్క మూతలు టకటకా ఊడాయి.
చరిత్రలో ఆడవాళ్ళ స్థానం గురించి
శిక్షణ తరగతుల్లో టీ చల్లారేదాకా విన్నాను గాని
దాని చప్పుడు విన్నది అప్పుడే.

ఏసుపాదం లేచాడు.
"ఆమే గొడవలు పెట్టిందంట టీచర్, మా తాత చెప్పాడు.
కోడిపందెంలో మాయ చేసిందంట."
పందెం ఎవరెవరు వేశారు?
"ఇద్దరూ."
ఓడిపోయిన ఆయన పేరు?
"బ్రహ్మనాయుడు గారు."
గెలిచినామె పేరు?
"నాగమ్మ."
ఆగాడు.
'గారు' ఎటు పోయిందో
బల్లకింద రబ్బరు వెతుక్కున్నట్టు
తనే వెతుక్కున్నాడు కాసేపు.

ఆమె మంచిదని నేను చెప్పలేదు.
నాకేం తెలుసు?
ఎనిమిది వందల ఏళ్ళు దాటిన పందెం అది.
ఓడినవాళ్ళ కోసం ఏడ్చిన గొంతులు మనదాకా వచ్చాయి.
ఆమె కోసం ఎవరూ ఏడవలేదో,
ఏడ్చినవాళ్ళకు డప్పు లేదో.
ఈ మాట అంటుంటే గంట కొట్టారు.
సగం మంది అప్పటికే నీళ్ళ కుళాయి దగ్గరున్నారు.

హెడ్మాస్టరు సాంబిరెడ్డి గారు ప్రశ్నపత్రం చూసి
కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టారు.
"ఇది సిలబస్‌లో లేదు కదమ్మా."
పుస్తకంలో ఉంది సార్.
"పెట్టెలో ఉంది."
పెట్టె పుస్తకంలోనే ఉంది సార్.
వెనకటికి యార్డులో తువ్వాలు కింద
వేళ్ళు పట్టుకుని బేరం ఆడినట్టు
ఆయనా నేనూ ఆ కాగితాన్ని చెరో కొసా పట్టుకున్నాం.
చివరికి రెండు మార్కుల దగ్గర తెగింది.

జవాబులు వచ్చాయి.
ముప్ఫై మంది నాలుగు వాక్యాలూ దించేశారు, కామాలతో సహా.
ఒకడు నాగమ్మ బదులు కోడి బొమ్మ వేశాడు,
బాగుంది, ఈకలన్నీ వచ్చాయి.
ఏసుపాదం ఒక్క వాక్యంలో మూడుసార్లు 'గారు' రాశాడు,
ఒకటి కోడికి కూడా.

మస్తాన్‌బీ కాగితం మూల ఎర్రటి వేలిముద్ర.
కోల్డు స్టోరేజీలో వాళ్ళ నాయనమ్మ పక్కన కూర్చుని
తొడిమలు తీసి వచ్చిన వేలిదో,
నా పెన్ను కారిందో.
"నాగమ్మ గారు మంత్రి.
యుద్ధం అయిపోయాక ఆమె ఏం చేసిందో పుస్తకంలో లేదు.
మా నాయనమ్మని అడిగాను, తెలీదంది.
అందుకని ఇక్కడ ఖాళీ వదిలాను.
తెలిసినోళ్ళు రాయండి."
కింద నాలుగు గీతల జాగా,
చుట్టూ స్కేలు పెట్టి గీసిన పెట్టె.
పై గీత మాత్రం గీయలేదు.

రెండుకి రెండు వేశాను.
కట్టలో ఇంకా పదకొండు కాగితాలున్నాయి,
కరెంటు పోయింది, గాలి యార్డు వైపు నుంచే.
ఎర్ర పెన్ను మూత పెట్టి
ఆ ఖాళీ దగ్గర
తుమ్మాను.